అడవి అడ్డంకేనా? - ఒక వీడియో గేమ్‌పై నా అభిప్రాయం

వార్షికోత్సవ సంచికకు వ్యాసం అడిగితే వీడియో గేమ్ గురించి రాస్తానన్నాను. "అన్నా, పీజీ చదువుతూ గేమ్సా?" అని తమ్ముళ్ళు నవ్వారు. నవ్వినా సరే, చివరిదాకా చదవండి.

యూనివర్సిటీ హాస్టల్లో మా రూమ్మేట్ లాప్‌టాప్‌లో 'స్టెల్లారిస్' అనే ఆట ఉంది. స్వీడన్‌కు చెందిన పారడాక్స్ సంస్థ 2016లో విడుదల చేసింది. అంతరిక్షంలో ఒక రాజ్యాన్ని నడపాలి. నక్షత్రాలను వెతకాలి, గ్రహాల మీద స్థావరాలు పెట్టాలి, పొరుగు రాజ్యంతో పొత్తో యుద్ధమో తేల్చుకోవాలి. ఇలాంటి వాటిని 'ఫోర్ ఎక్స్' ఆటలంటారు. 1993లో 'మాస్టర్ ఆఫ్ ఓరియన్' అనే ఆట గురించి రాస్తూ అలన్ ఎమ్రిచ్ ఈ మాట వాడాడు. ఎక్స్‌ప్లోర్, ఎక్స్‌పాండ్, ఎక్స్‌ప్లాయిట్, ఎక్స్‌టర్మినేట్. అంటే వెతుకు, విస్తరించు, వాడుకో, తుడిచిపెట్టు. ఈ నాలుగు మాటలు చదివితే నాకు నక్షత్రాలు కాదు, మా ఊరి వెనకున్న అడవి గుర్తొచ్చింది.

ముందు మంచి చెప్పాలి. ఆట చాలా బాగుంటుంది. మన రాజ్యం ఏ విలువలతో నడవాలో మనమే ఎంచుకోవచ్చు. తయారుచేసినవాళ్ళకు మొండిపట్టు కూడా లేదు. మొదట గ్రహాన్ని గడులుగా విడగొట్టారు. 2018 డిసెంబరులో ఆ పద్ధతినే తీసేసి కొత్తది పెట్టారు. మార్చుకునేవాళ్ళకు చెబితే ఫలితం ఉంటుంది. అందుకే రెండు సూచనలు.

మొదటిది. గ్రహం మీద దట్టమైన అడవి ఉంటే ఆట దాన్ని 'బ్లాకర్' అంటుంది, అంటే అడ్డంకి. ఖర్చుపెట్టి తొలగిస్తే ఆ చోటు నిర్మాణాలకు వస్తుంది. భద్రాచలం అడవి అంచున పుట్టినవాడికి ఇది ఎలా మింగుడుపడుతుంది? ఎండాకాలం మా అమ్మ తెల్లారకముందే తునికాకుకు పోయేది. యాభై ఆకులు ఒక కట్ట. కట్టలు కల్లంలో అప్పజెప్పగా వచ్చిన పైసలతోనే జూన్‌లో నాకు ట్రంకుపెట్టె, నోటుపుస్తకాలు వచ్చేవి. నరకని అడవే నన్ను ఈ హాస్టల్‌కు పంపింది! ఆటలో పర్యావరణాన్ని కాపాడే సమాజాన్ని ఎంచుకున్నవారికి మాత్రం అడవిని ఉంచితే కొంత లాభం ఉంది. ఆ లాభం అందరికీ ఉండాలి. నరికితే ఎంత వస్తుందో, ఉంచితే ఏటా ఎంత వస్తుందో పక్కపక్కన చూపించాలి. తేల్చుకునేది ఆటగాడే.

రెండవది. ఒక గ్రహం జనాన్ని ఇంకో గ్రహానికి తరలించే 'రీసెటిల్‌మెంట్' ఉంది. దాన్ని నిషేధించే వీలూ పెట్టారు, అది మెచ్చుకోదగ్గదే. కానీ తరలిస్తే ఖర్చు కట్టాక కథ అయిపోయినట్టే, జనం కొత్తచోట పనిలో చేరిపోతారు. 2014లో పోలవరం ముంపు పేరుతో మన ఖమ్మం జిల్లా ఏడు మండలాల గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. అప్పుడు నేను ఆరో తరగతి. కుక్కునూరు వైపున్న మా మేనత్త, ఎట్లాగూ లేచిపోవాల్సిన ఇల్లే కదా అని, ఆ ఏడు నుంచి గోడలకు సున్నం వేయించడం మానేసింది. ఊరు కదలకముందే మనిషి కదిలిపోతాడు. కాబట్టి తరలించిన జనానికి కొన్నేళ్ళు సంతోషం, పని రెండూ తగ్గాలి. ఊరంతా ఒక్కచోటికి పోతే త్వరగా తేరుకోవాలి, చెల్లాచెదురైతే ఆలస్యం కావాలి.

సూచన ఎలా చెప్పాలో మెస్‌లోనే నేర్చుకున్నాం. "కూర బాగోలేదు" అంటే వంటమనిషికి ఏం తెలుస్తుంది? "పప్పులో నీళ్ళెక్కువ, ఉప్పు తక్కువ" అంటే రేపటికి సరిచేస్తారు.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. ఏ ఆఫీసుకు పోయినా మా నాయిన గోడవారగా నిలబడేవాడు, మనల్ని ఎవరడుగుతారులే అనేవాడు. ఆ అలవాటు నాకూ అంటింది. ఈ సూచనలు ఇంగ్లీషులో రాసి, తప్పులుంటాయేమోనని రెండుసార్లు చెరిపేశాను. కానీ తునికాకు కట్ట సంగతి ఆ కంపెనీవాళ్ళకు ఎవరు చెప్పాలి? తెలిసినవాళ్ళమే చెప్పాలి కదా! ఈ సంచిక అచ్చయ్యేలోగా పంపిస్తాను.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! పరీక్షలయ్యాకే ఆడండి. మీ ఊరి వాగు గురించో, గుట్ట గురించో మీకు ఇంకో సూచన తోస్తే చెప్పండి. మూడోదిగా చేర్చి పంపుతాను.

- ఒక పూర్వ విద్యార్థి, ఎం.సి.ఏ.