గ్లాసులో నిమ్మగడ్డి, గ్లాసులోనే దోమ

నిమ్మగడ్డి ఆకులను టీకి వాడుకొని, మిగిలిన మొదళ్ళను గ్లాసెడు నీటిలో నిలిపితే రెండు మూడు వారాలలో వేళ్ళు తొడుగుతాయి. పెంచండి, కాదనను. కాని ఆ మొక్క ఇంట్లో ఉంటే దోమలు రావన్న ప్రచారం శుద్ధ అబద్ధం. తైలం ఆకు లోపల ఉంటుంది, నలిపితేనే వెలువడుతుంది. ఊరక నిలిచిన గడ్డిని దోమ లెక్కచేయదు. పైగా డెంగీని మోసుకొచ్చే ఏడిస్ దోమ కోరేది మీ గ్లాసులోని నిలువ నీటినే! గుడ్డు దోమగా మారడానికి వారం, పది రోజులు చాలు. మీరేమో మూడు వారాల గడువిస్తున్నారు. ఇదేమి రక్షణ? రెండు రోజులకొకసారి నీరు పారబోసి, గ్లాసు లోపలి గోడను తోమండి. గుడ్లు అక్కడే అంటుకొని ఉంటాయి. వేళ్ళు రాగానే మట్టిలో నాటండి. ఏడిస్ ఎక్కువగా పగలు కుడుతుంది కనుక, పసిపిల్లలకు పగటి నిద్రలోనూ దోమతెర కట్టండి.