ఖండస్ఫుటిత జీర్ణోద్ధరణ

శాసనాలు చదివే అలవాటున్న మిత్రులకు పై సమాసం కొత్త కాదు. చాళుక్యుల నాడూ, కాకతీయుల నాడూ దేవాలయాలకు భూదానం చేసిన దాతలు, ఆ రాబడిని దేనికి వినియోగించాలో చెబుతూ అంగరంగభోగాల సరసన దీనిని కూడా పేర్కొనేవారు. ఖండమంటే విరిగినది, స్ఫుటితమంటే బీటవారినది, జీర్ణమంటే శిథిలమైనది. వాటిని బాగుచేయించడమే ఉద్ధరణ. గుడికి నైవేద్యంతో పాటు పగుళ్ళకు కూడా పొలం రాసిపెట్టారన్నమాట!

ఓరుగల్లు వాళ్ళం గదా, కాకతీయ తోరణాన్ని గేట్ల మీద ముచ్చటగా చేయించుకుంటాము. ఇంటి జమాఖర్చుల్లో మాత్రం పగుళ్ళ పద్దుకు పైసా రాసుకోము. ముందు గోడకు గ్రానైటు, సింహద్వారానికి టేకు, గదిగదికీ ఒక రంగు. డాబా ఎక్కి చూస్తే వాలు ఉండదు, వాననీటి గొట్టం నోట్లో రావి మొక్క మొలిచి ఉంటుంది. పైన పటారం, లోన లొటారం అని ఊరకే అనలేదు పెద్దలు.

ఒకప్పుడు నా వద్ద పద్యాలు అప్పగించిన శిష్యుడొకడు పాత ఇల్లు బాగుచేయించి నన్ను భోజనానికి పిలిచాడు. హాలంతా ఫాల్స్ సీలింగు, దాని అంచుల్లో నీలి దీపాలు.

"పాత స్లాబు ఉరిసేది కదరా, దానికేం చేశావు?" అని అడిగాను.

"ఇప్పుడు కనపడతలేదు సార్" అన్నాడు.

వాడు అబద్ధమాడలేదు. కానీ ఆ కనపడకపోవడమే నన్ను భయపెట్టింది. స్లాబు పగులులో దిగిన నీరు లోపలి ఇనుప చువ్వను చేరుతుంది. తుప్పు పట్టిన ఇనుము మునుపటి కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి చుట్టూ ఉన్న కాంక్రీటు విచ్చుకొని పెచ్చులుగా ఊడిపడుతుంది. ఇది ఒక్కనాటితో జరిగేది కాదు. మొదట తడిమరక, తరువాత సన్నని గీత, ఆపైన ఉబ్బు - ఇలా కప్పు ఏళ్ళ తరబడి మనకు చెబుతూనే ఉంటుంది. ఆ చెప్పే నోటికి మనం డబ్బులిచ్చి మరీ తెర కట్టిస్తున్నాము. కింద మంచం మీద పిల్లలు పడుకొని ఉంటారు. అందుచేత అలంకారం రెండవ పని అంటే సరిపోదు. మరమ్మతుకు ముందు చేసే అలంకారం అపకారమే అంటాను.

మన వానలు కూడా మునుపటివి కావు. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో దాదాపు 65 సెంటీమీటర్ల వర్షం కురిసింది. రామప్ప గుడి ఉన్నది ఆ వెంకటాపూర్ మండలంలోనే. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ గుడికి పునాది గోతిలో ఇసుక నింపారు, శిఖరానికి నీటిపై తేలేటంత తేలిక ఇటుకలు వాడారు. చూడవచ్చినవారు మదనికల ముందు నిలబడి ఫొటోలు తీసుకుంటారు. ఆ మదనికల భారం మోస్తున్న ఇసుకకు ఫొటో లేదు.

వేయిస్తంభాల గుడి కల్యాణమండపాన్ని 2006లో రాయి రాయిగా విప్పవలసి వచ్చింది. మళ్ళీ నిలబెట్టి తెరిచేసరికి 2024 మార్చి వచ్చింది. అడుగు చెడితే పైనున్నదంతా దింపవలసిందే! ముందు రంగు వేద్దాం, పగులు సంగతి తరువాత చూద్దాం అనేవారి లెక్క నాకు అంతుపట్టదు. పత్తి పండే మన నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు ముడుచుకుంటుంది. దాని మీది గోడల బీటలకు పుట్టీ మందు కాదు. ఇక మా వీధిలో పాత సిమెంటు రోడ్డు తవ్వకుండానే దాని మీద కొత్తది పోశారు. ఇళ్ళన్నీ ఒక మెట్టు దిగిపోయాయి. అయినా గడప ముందు గ్రానైటు పరిచినవారే ఎక్కువ, నీటికి దారి చూసినవారు తక్కువ.

అందం అక్కరలేదని నా వాదన కాదు. దసరాకు ముందు వేసే సున్నం ముచ్చట కోసమే అయినా, అది గోడలోని సన్నని బెజ్జాలను పూడ్చేది, లోపలి తడిని ఆరనిచ్చేది. రోహిణి కార్తెలో గూనపెంకులు దింపి, పగిలినవి మార్చి తిరిగి పేర్పించేవారు. మిరుగం నాటికి ఇల్లు సిద్ధం. ఆ పనికి ఎవరూ శుభలేఖలు అచ్చు వేయించలేదు.

డాబా ఇంటికీ ఆ కార్తెలే సరిపోతాయి. ఎండల్లో పగుళ్ళు పూడ్పించి, వాలు సరిచేయించి, పిట్టగోడ మొదళ్ళు చూసుకొని, డాబా మీద ఒకటి రెండు రోజులు నీళ్ళు కట్టి పరీక్షించాలి. ఆ వానకాలమంతా గోడలను అలాగే వదిలి, ఎక్కడ చెమ్మ తేలుతుందో అక్కడ బొగ్గుతో గుర్తు పెట్టుకోవాలి. రంగుల సంగతి దీపావళి దాటిన తరువాత. ఈలోగా చుట్టాలు వచ్చి "ఇంకా రంగులు వేయించలేదా?" అంటారు. అననివ్వండి.