కాంట్రాక్టులో మా సంతకమేదీ?

మమ్మల్ని కాంట్రాక్టు కార్మికులు అంటారు. ఆ కాంట్రాక్టు ఎవరి మధ్య? పని చేయించుకునే సంస్థకూ, మనుషులను సరఫరా చేసే ఏజెన్సీకీ మధ్య. చీపుర్లు, ఫినాయిల్ డబ్బాలు ఎన్ని కావాలో రాసినట్టే మనుషులు ఎంతమంది కావాలో రాసుకుంటారు. ఇద్దరూ సంతకం పెడతారు. పని చేసే మాకు ఆ కాగితం చూపించరు. మా పేరుకు ముందు తగిలించిన కాంట్రాక్టులో మా సంతకమే లేదు. మా గొడవంతా ఆ సంతకం కోసమే.

హఫీజ్‌పేట్ నుంచి హైటెక్ సిటీకి ఎంఎంటీఎస్‌లో ఒక్కటే స్టేషన్. దేవరకొండ, పాలమూరు, వికారాబాద్ వైపు తండాల నుంచి బతకడానికొచ్చిన మేం ఈ చుట్టుపక్కల బస్తీల్లోనే ఉంటాం. రోడ్లు ఊడుస్తాం, అద్దాల భవనాల్లో బాత్‌రూంలు కడుగుతాం, గేట్ల దగ్గర కాపలా ఉంటాం. మాలో లంబాడీలున్నారు, ఎరుకలున్నారు. మా పక్కనే మాదిగలు, మాలలు, బీసీలు అదే చీపురు పట్టుకొని ఉన్నారు.

"జీతాలు పెంచారు కదా, ఇంకా యూనియన్ దేనికి?" అని అడిగేవాళ్లకు మా జీతాల చరిత్రే జవాబు. 2015 జూలైలో జీహెచ్ఎంసీ పారిశుధ్య కార్మికులు సమ్మె చేశారు. చెత్త వీధుల్లో పేరుకుపోయింది. అప్పుడు ముఖ్యమంత్రి కేసీఆర్ 8,500 రూపాయల జీతాన్ని 12,500 చేస్తున్నట్టు ప్రకటించారు. మిగతా మున్సిపాలిటీల కార్మికులకు అదే పెంపు రాలేదు, వాళ్ల సమ్మె ఆ తర్వాతా సాగింది. 2017లో హైదరాబాద్‌లో జీతం 14,000 అయింది. 2020లో దీపావళి నాడు 14,500 నుంచి 17,500కు పెంచారు. సరిగ్గా పదిహేడు రోజులకు, డిసెంబర్ 1న, నగరపాలక ఎన్నికలు జరిగాయి. 2023 మేడే నాడు ఇంకో వెయ్యి ప్రకటించారు. అదీ అసెంబ్లీ ఎన్నికల ఏడాదే.

పెరిగిన రూపాయిని మేం కాదనం. అది మా చెమట. కానీ పెంచిన తీరు చూడండి. పండగకో, ఓట్లకో ముడిపెట్టి, కానుక అని పేరు పెట్టి, పత్రికల్లో ఫొటో వేయించుకున్నారు. కానుక ఇచ్చేవాడి ఇష్టం. ఎంత ఇవ్వాలో, ఎప్పుడివ్వాలో, ఎవరికి ఎగ్గొట్టాలో ఆయనే చూసుకుంటాడు. వచ్చే ఏడాది సంగతేమిటని అడిగితే, ఇచ్చింది చాలలేదా అంటాడు. ఒప్పందం అట్లా కాదు. దానికి గడువుంటుంది. గడువు తీరితే మళ్లీ కూర్చోవాలి. మాట తప్పితే నిలదీయడానికి చేతిలో కాగితం ఉంటుంది.

ఈ తేడా మన జాతులకు ఎవరూ నేర్పనక్కరలేదు. పోడు చేసుకోండి, మేం చూసుకుంటాం అన్న నాయకులు ఎంతమంది వచ్చి పోలేదు? 2006 అటవీ హక్కుల చట్టం వచ్చాక కూడా పట్టా చేతికి అందనివాళ్లకు ట్రెంచీలూ కేసులూ తప్పలేదు. నోటిమాట పట్టా కాదని అడవిలో తెలుసుకున్న మనం, నగరంలో నోటిమాటను జీతమని ఎట్లా నమ్ముతాం?

ఒప్పందం సాధ్యం కాదన్నది కూడా అబద్ధం. ఇదే తెలంగాణలో సింగరేణి పర్మినెంటు కార్మికులకు జాతీయ బొగ్గు వేతన ఒప్పందం వర్తిస్తుంది. 2023లో కుదిరిన పదకొండో ఒప్పందం 2021 జూలై 1 నుంచి అయిదేళ్లకు 19 శాతం పెంపు రాసిచ్చింది. 1998 నుంచి అక్కడ గుర్తింపు సంఘాన్ని కార్మికులే రహస్య ఓటుతో ఎన్నుకుంటున్నారు. బొగ్గు తవ్వేవాడికి ఉన్న ఓటు చెత్త ఎత్తే ఆడమనిషికి ఎందుకుండకూడదు?

చట్టం ఒక చేత్తో ఇస్తుంది, ఇంకో చేత్తో లాక్కుంటుంది. సమాన పనికి సమాన వేతనం తాత్కాలిక ఉద్యోగులకూ దక్కాలని సుప్రీంకోర్టు 2016లో, పంజాబ్ ప్రభుత్వం కేసులో చెప్పింది. ఏజెన్సీని మధ్యన పెట్టగానే ఆ తీర్పు మా దాకా రాకుండా ఆగిపోతుంది. 2025 నవంబర్‌లో అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం, మస్టర్ రోల్‌లో ఉన్నవాళ్లలో 51 శాతం మంది మద్దతున్న యూనియన్‌తోనే యాజమాన్యం చర్చలు జరపాలి. మంచిదే. కానీ ఒకే భవనంలో ఊడ్చేవాళ్లు ఒక ఏజెన్సీ, కాపలావాళ్లు ఇంకో ఏజెన్సీ, తోటపనివాళ్లు మరో ఏజెన్సీ. మా మస్టర్లే ముక్కలు చేస్తే 51 శాతం ఎవరిలో లెక్కపెట్టాలి? అదే కోడ్ సమ్మెకు పద్నాలుగు రోజుల ముందు నోటీసివ్వాలంటుంది. ఆ పద్నాలుగు రోజుల్లో కొత్తవాళ్లను దించడం ఏజెన్సీకి ఎంత పని?

అందుకే సభ్యత్వం ముందు, సమ్మె తర్వాత. 1968లో అమెరికాలోని మెంఫిస్ నగరంలో 1,300 మంది నల్లజాతి పారిశుధ్య కార్మికులు పని ఆపేశారు. అంతకు కొద్దిరోజుల ముందే ఇద్దరు కార్మికులు చెత్తలారీలో నలిగి చనిపోయారు. కార్మికులు జీతం పెంచమన్నారు. దానితో పాటు యూనియన్‌ను గుర్తించాలన్నారు, చందా జీతంలోంచే జమ కావాలన్నారు. మేయర్ అన్నిటికన్నా మొండికేసింది గుర్తింపు దగ్గరే. వాళ్లకు అండగా వచ్చిన మార్టిన్ లూథర్ కింగ్‌ను ఏప్రిల్ 4న అదే ఊళ్లో కాల్చి చంపారు. ఏప్రిల్ 16న నగరం దిగొచ్చి, గుర్తింపుతో సహా ఒప్పందం చేసుకుంది. పెంచిన జీతాన్ని ధరలు మింగేస్తాయి. గుర్తింపు ఉంటే మళ్లీ అడగొచ్చు.

మా వైపు చేయాల్సిన పనీ ఉంది. పాలమూరు లేబర్‌ను గుంపు మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి కట్టేసినట్టే, నగరంలోనూ మన తండావాడే, మన గోత్రంవాడే సూపర్‌వైజరై మన నోరు నొక్కుతాడు. చుట్టరికం చుట్టరికమే, హాజరు హాజరే. తండాలో తగువొస్తే నాయక్, కార్‌భారి అందరినీ కూర్చోబెట్టి మాట్లాడించే అలవాటు మనకుంది. దాన్ని యూనియన్‌లోకి తెచ్చుకుందాం. ఆడవాళ్లను ఆ పంచాయితీకి దూరంగా నిలబెట్టే అలవాటును మాత్రం తేవద్దు. ఊడ్చేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లయితే చర్చల బల్ల దగ్గర కూర్చునేవాళ్లలోనూ వాళ్లే ఎక్కువుండాలి. గోర్ బోలీ మాట్లాడే చోట సభ గోర్ బోలీలోనే జరగాలి. చందా తీసుకుంటే రసీదివ్వాలి. చర్చల్లో ఒప్పుకున్న ప్రతి మాటనూ సంతకానికి ముందే బస్తీలో చదివి వినిపించాలి. ఇవి చేయని యూనియన్ నాయకుడు కూడా మాకు ఇంకో మేస్త్రీయే.

మేం అడిగేది పెద్ద జాబితా కాదు. ఏజెన్సీ మారినా మనిషిని తీసేయొద్దు. నెలనెలా జీతం చీటీ ఇవ్వాలి, పీఎఫ్, ఈఎస్ఐ కట్టిన లెక్క అందులో కనిపించాలి. వారానికో సెలవు, బట్టలు మార్చుకోవడానికో గది, చీకట్లో పనికొచ్చే ఆడవాళ్లకు బండి ఏర్పాటు చేయాలి. పని ఎవరిదో ఆ సంస్థే ఒప్పందంలో పక్షంగా నిలబడాలి.

గిరిజన సంఘాల పెద్దలకు, రాసేవాళ్లకు ఒక్క మాట. అడవి మనదే, పోడు మనదే. హఫీజ్‌పేట్‌లో చీపురు పట్టిన చెయ్యి కూడా మనదే. రిజర్వేషన్ శాతం గురించి ధర్నాచౌక్‌లో కూర్చునేవాళ్లు, రిజర్వేషన్ లేని ఏజెన్సీ కొలువుల్లో నలిగే మనవాళ్ల కోసం లేబర్ ఆఫీసు ముందు కూడా కూర్చోవాలి. కానుకలకు చేతులు చాపడం చాలు. ఆ చేతులకు కలం కావాలి, సంతకం పెట్టడానికి.