విన్నపాలు చాలు, ఉత్తరాలు రాద్దాం

మనలో చాలామంది జీవితంలో రాసిన మొట్టమొదటి ఆఫీసు ఉత్తరం లీవు లెటరు. "యాజ్ అయామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్" అని మొదలుపెట్టి "యువర్స్ ఒబీడియంట్‌లీ" అని ముగించేవాళ్ళం. తెలుగు మీడియం వాళ్ళకైతే "నాకు జ్వరము వచ్చినందున", చివర "ఇట్లు, తమ విధేయురాలు". జ్వరం రాకపోయినా, మేనమామ పెళ్ళికి వెళ్ళొచ్చినా అదే లెటరు. బడి వదిలి పాతికేళ్ళయినా, ముప్ఫై ఏళ్ళయినా మన ఆడవాళ్ళ కలం ఆ విధేయత దగ్గరే ఆగిపోయిందేమోనని నాకు చాలాసార్లు అనిపిస్తుంది.

ఊరికే అనడం లేదు. ఒక ప్రభుత్వ కార్యాలయంలో తొమ్మిదేళ్ళు ఇన్‌వర్డ్ సీట్లో కూర్చున్నదాన్ని. వచ్చిన కవరు చింపడం, తేదీ ముద్ర వేయడం, రిజిస్టరులో నంబరు రాయడం, అది ఏ సెక్షన్‌కి వెళ్ళాలో పైన మార్కు చేయడం నా పని. రోజుకు వందకు తక్కువ కాకుండా వచ్చేవి. ఒక్కో ఉత్తరానికి అర నిమిషం దక్కితే ఎక్కువ. ఆ అర నిమిషంలో నా కళ్ళు వెతికేవి రెండే: విషయం ఏమిటి, పాత నంబరు ఏదైనా ఉందా. అవి కనిపించకపోతే ఆ కాగితాన్ని పక్కన పెట్టేదాన్ని, తీరిగ్గా చదువుదామని. తీరిక ఎప్పుడు దొరికేదో మీకు వేరే చెప్పాలా?

అలా పక్కన పడ్డవాటిలో ఆడవాళ్ళ ఉత్తరాలే ఎక్కువగా ఉండేవి. చదువు రాక కాదు. చక్కటి దస్తూరి, తప్పుల్లేని తెలుగు. కానీ మనకు ఉత్తరం అంటే 'ఉభయ కుశలోపరి' అలవాటు. ముందు క్షేమ సమాచారాలు, తర్వాత ఇంటి సంగతులు, చిట్టచివర సిగ్గుపడుతూ అసలు మాట. అమ్మకు రాసే ఉత్తరానికి అదే అందం. పింఛను గుమాస్తాకు రాసే ఉత్తరానికి మాత్రం అదే శాపం. ఇంకో అలవాటు, కాగితం వృథా ఎందుకని ఒకే ఉత్తరంలో రెండు మూడు సంగతులు కలిపి రాసేయడం. ఇంటి పన్ను పేరు మార్పు, వీధి దీపం, కుళాయి మూడూ ఒకే కాగితంలో రాస్తే ఆ కాగితం పన్ను సెక్షన్‌కి వెళ్ళి అక్కడే కూర్చుంటుంది. దీపం, కుళాయి సంగతి చూసే నాథుడు ఉండడు. మూడు సంగతులకు మూడు కాగితాలు కావాలి. ఇది నేను ఆ సీట్లో కూర్చున్న మొదటి నెలలోనే నేర్చుకున్నాను. అంతకుముందు నేనూ అలాగే రాసేదాన్ని.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మా పిన్ని సంగతి చెప్పాలి.

మా పిన్నిది భీమవరం. బాబాయి పోయాక ఆయన పేరున ఒక బ్యాంకులో ఉన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ కోసం నాలుగు నెలలు తిరిగింది. నామినీ ఆవిడే. అయినా ఒకసారి వెళితే "వారసత్వ సర్టిఫికెట్ తీసుకురండమ్మా, కోర్టులో ఇస్తారు" అన్నారట. ఇంకోసారి "మీ అబ్బాయిలిద్దరూ వచ్చి సంతకాలు పెట్టాలి" అన్నారు. అబ్బాయిల్లో ఒకడు డల్లాస్‌లో ఉన్నాడు. మరోసారి మేనేజరుగారు లీవు. పోయినప్పుడల్లా ఆటోకి ఎనభై రూపాయలు, ఎండలో నిలబడినందుకు రెండ్రోజుల కాళ్ళనొప్పులు.

చివరికి నాకు ఫోన్ చేసి, "ఏమే, నువ్వు ఆఫీసుల్లో పనిచేసినదానివి కదా, నేనో లెటరు రాశాను, ఒకసారి చూసిపెట్టు" అంది. మా చెల్లెలి చేత ఫోటో తీయించి పంపింది. రెండున్నర పేజీలు. "మహారాజశ్రీ మేనేజరుగారి దివ్య సముఖమునకు, అభాగ్యురాలు సమర్పించుకొను విన్నపము" అని మొదలు. బాబాయికి షుగరు ఎప్పుడొచ్చింది, బాత్రూంలో ఎలా జారిపడ్డారు, ఆస్పత్రిలో ఆఖరి రాత్రి ఏమన్నారు, అన్నీ ఉన్నాయి. చదువుతూ నేను ఏడ్చాను, నిజం చెప్తున్నాను. ఏడ్చి, కళ్ళు తుడుచుకుని మళ్ళీ చదివాను. డిపాజిట్ నంబరు ఎక్కడా లేదు. తను నామినీ అన్న మాట లేదు. ఏం కావాలో కూడా లేదు. "తమరు పెద్ద మనసు చేసుకుని ఏదో ఒక దారి చూపించగలరు" అని ముగించింది.

ఆ 'అభాగ్యురాలు' అన్న మాట దగ్గర నాకు చిన్నప్పటి ఉత్తరాలు గుర్తొచ్చాయి. మా తాతగారి తరంలో ఆడవాళ్ళకు ఉత్తరం రాస్తే ముత్తైదువైతే 'లక్ష్మీ సమానురాలు', భర్త పోయినావిడైతే 'గంగాభాగీరథీ సమానురాలు' అని మొదలుపెట్టేవారు. అంటే కవరు విప్పీ విప్పగానే, ఆ మనిషికి మొగుడు ఉన్నాడా లేడా అన్నది తేలిపోవాలన్నమాట! ఆ సంబోధనలు పోయాయి, మంచిదే. కానీ మన గురించి మనం రాసుకునేటప్పుడు ఇంకా వాటి నీడలోనే రాస్తున్నాం. పిన్ని ఆ బ్యాంకుకు అభాగ్యురాలు కాదు. ఖాతాదారు నామినీ.

ఇద్దరం ఫోన్లోనే కూర్చుని మళ్ళీ రాశాం. నంబర్లు తీసేసి ఆ ఉత్తరాన్ని ఇక్కడ ఇస్తున్నాను. ఎవరికైనా పనికొస్తే సంతోషం.

"విషయం: నా భర్త పేరిట ఉన్న ఫలానా నంబరు ఫిక్స్‌డ్ డిపాజిట్ సొమ్మును నామినీనైన నాకు చెల్లించుట గురించి.

మేనేజరు గారికి, నమస్కారం. పై డిపాజిట్ సొమ్మును నా ఖాతాలో జమ చేయవలసిందిగా కోరుతున్నాను. నా భర్త ఫలానా తేదీన మరణించారు. డిపాజిట్‌కు నేను నామినీని. క్లెయిం ఫారం, మరణ ధ్రువీకరణ పత్రం, నా గుర్తింపు కార్డు నకలు, డిపాజిట్ రసీదు ఫలానా తేదీన మీ బ్రాంచిలో ఇచ్చాను. నామినీ ఉన్నప్పుడు వారసత్వ సర్టిఫికెట్ కోసం పట్టుబట్టకూడదని, పత్రాలన్నీ అందిన 15 రోజుల్లో క్లెయిం పరిష్కరించాలని రిజర్వు బ్యాంకు నిబంధనలు చెబుతున్నాయి. ఇంకా ఏదైనా పత్రం అవసరమైతే దాని పేరు, ఏ నిబంధన ప్రకారం అవసరమో రాతపూర్వకంగా తెలియజేయండి."

కింద సంతకం, పేరు, చిరునామా, ఫోన్ నంబరు, జతపరచిన నకళ్ళ జాబితా. అంతే.

పిన్నికి నచ్చలేదు. "ఇంత కరుగ్గా రాస్తే వాళ్ళకి కోపం రాదటే? ఆయన పోయిన సంగతి ఒక్క ముక్కలో తేల్చేశావేమిటే?" అంది. ఆ రెండో మాటకు నా దగ్గర జవాబు లేదు. బాబాయి గురించి రాసిన ఆ రెండున్నర పేజీలు పారేయొద్దు, దాచుకో, పిల్లలకు చదివి వినిపించు అన్నాను. మొదటి మాటకు మాత్రం జవాబుంది. అందులో కరుకు ఎక్కడుంది? 'గారు' ఉంది, 'నమస్కారం' ఉంది, 'కోరుతున్నాను' ఉంది. లేనిది బతిమాలడం ఒక్కటే. మర్యాదకీ, ప్రాధేయపడటానికీ మధ్య గీత చెరిపేసి మనల్ని పెంచారు కాబట్టి బతిమాలకపోతే పొగరుగా ఉన్నట్టు మనకే అనిపిస్తుంది.

(ఒక మాట. నామినీ సొమ్ము తీసుకోవడానికి హక్కుదారు. వారసుల హక్కులు అంతటితో పోవు. మా పిన్ని ఇంట్లో ఆ పేచీ లేదు. ఉన్నవాళ్ళు లాయరును అడగడం మంచిది.)

ఆ ఉత్తరంలో నా దృష్టిలో అసలైన వాక్యం చివరిది. 'రాతపూర్వకంగా తెలియజేయండి.' కౌంటరు దగ్గర నిలబడిన మనిషికి నోటితో ఏమైనా చెప్పొచ్చు. ఇవాళ సర్టిఫికెట్ అంటారు, రేపు కొడుకులు అంటారు. అదే కాగితం మీద సంతకం పెట్టి రాయమంటే, లేని నిబంధనను ఎవరూ రాయరు. ఇన్‌వర్డ్ సీట్లో నేను చూసిందీ అదే. "కారణం తెలుపగలరు" అని ఉన్న ఉత్తరాన్ని మా సూపరింటెండెంటు ఎప్పుడూ కింద పెట్టేవారు కాదు. జవాబు ఇస్తే చిక్కు, ఇవ్వకపోతే ఇంకా చిక్కు. పని చేసిపెట్టడమే ఆయనకు సుఖం.

కోపంగా రాస్తే పనవుతుందనుకునేవాళ్ళూ ఉన్నారు. నేనే ఉన్నాను. మా ఇంట్లో వాషింగ్ మెషీన్ కొన్న ఐదో నెలలో ఆగిపోతే, కంపెనీకి మూడు పేజీలు దంచి పారేశాను. మోసగాళ్ళన్నాను, కోర్టుకీడుస్తానన్నాను. పది రోజులకు ఒక లైను జవాబు వచ్చింది: మీరు బిల్లు నకలు జతపరచలేదు. తొమ్మిదేళ్ళు అందరి ఉత్తరాల్లో తప్పులు వెతికినదాన్ని, నా ఉత్తరంలో బిల్లు నంబరు కూడా లేదు! మావారు వారం రోజులు నవ్వారు. రెండోసారి ఆరు లైన్లు రాసి, బిల్లు, వారంటీ కార్డు నకళ్ళు పెట్టి, ఫలానా తేదీలోగా బాగుచేయకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతానని చివర్లో ఒక్క ముక్క రాశాను. మెకానిక్ వచ్చాడు. ఆ మాట ఉత్తుత్తి బెదిరింపు కాకూడదు సుమండీ. రెండేళ్ళలోపు ఫిర్యాదు చేయాలి, సరుకుకు చెల్లించిన డబ్బు ఐదు లక్షలు దాటకపోతే ఫీజు కూడా లేదు. నకళ్ళే ఇవ్వాలి, అసలు బిల్లు ఎవరడిగినా చేతికివ్వకండి.

ఇంగ్లీషు రాదే అని వెనకాడేవాళ్ళను చూస్తే నాకు బాధ. మన రాష్ట్రంలో తెలుగును అధికార భాష చేస్తూ 1966లోనే చట్టం వచ్చింది. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తును తెలుగులో పెట్టుకోవచ్చు. పది రూపాయల ఫీజు, ముప్ఫై రోజుల్లో జవాబు. 'నా దరఖాస్తు ఈ రోజున ఎవరి దగ్గర ఉంది' అని అడిగితే చాలు, కదలని ఫైలు కదిలిన సందర్భాలు నాకు తెలుసు. పిన్ని ఉత్తరమూ తెలుగులోనే ఇచ్చాం. ఎవరూ కాదనలేదు. వచ్చీరాని ఇంగ్లీషులో రాసి, మనమేం అడిగామో మనకే తెలియకపోవడం కన్నా అదే నయం.

ఇంగ్లీషు బాగా వచ్చిన అమ్మాయిల సంగతి వేరుగా ఉందా అంటే, అదీ లేదు. మా అమ్మాయి హైదరాబాద్‌లో మంచి ఉద్యోగం చేస్తోంది. ఈమధ్య తన పై అధికారికి పంపే మెయిల్ చూపించింది. రావలసిన సెలవు డబ్బు గురించి. మొదటి మాటే "సారీ టు డిస్టర్బ్ యూ". తర్వాత "ఐ జస్ట్ వాంటెడ్ టు చెక్". "నీ డబ్బు నువ్వు అడగడానికి సారీ ఎందుకే?" అంటే "అలా రాయకపోతే రూడ్‌గా ఉంటుందమ్మా" అంది. మా పిన్ని అన్నమాటే! భాష మారింది, కీబోర్డు వచ్చింది, 'తమ విధేయురాలు' మాత్రం అక్కడే ఉంది. ఆ రెండు వాక్యాలూ కొట్టేయించాను. మిగిలిన మెయిల్ ఇంకా మర్యాదగా కనిపించింది.

ఉత్తరం రాయడం ఎంతో, ఇచ్చినట్టు రుజువు ఉంచుకోవడం అంత. రెండు కాపీలు తీసుకెళ్ళండి. ఒకటి వాళ్ళకిచ్చి, రెండోదాని మీద ముద్ర, తేదీ, పొట్టి సంతకం వేయించుకోండి. "ఫర్వాలేదమ్మా, మేం చూస్తాంలే" అంటారు. నవ్వుతూనే నిలబడండి. వెయ్యమంటే పోస్టాఫీసుకు వెళ్ళండి. రిజిస్టర్డ్ పోస్టును 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు. స్పీడ్ పోస్టు రసీదు పారేయకుండా, ఉత్తరం కాపీకి పిన్ను కొట్టి పెట్టుకుంటే సరి. బ్యాంకు ముప్ఫై రోజుల్లో జవాబివ్వకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పైసా ఖర్చు లేకుండా ఫిర్యాదు చేయొచ్చు. కానీ ముందుగా బ్యాంకుకే రాశామన్న రుజువు అడుగుతారు. ఫోన్లో గంటసేపు మొత్తుకున్న దానికి రుజువేది?

పిన్ని ముద్ర వేయించుకునే దాకా కౌంటరు దగ్గర నుంచి కదల్లేదట. పన్నెండో రోజున బ్యాంకు నుంచే ఫోన్. వెళితే కుర్చీ వేశారు, సంతకాలు తీసుకున్నారు, ఆ వారంలోనే డబ్బు పడింది. సర్టిఫికెట్ ఊసు లేదు, డల్లాస్ ఊసు లేదు. లేచి వచ్చేటప్పుడు "పనైపోయింది కదమ్మా, ఆ లెటరు వెనక్కి తీసుకున్నట్టు ఓ ముక్క రాసివ్వండి" అన్నారట. "రాయను బాబూ, ఆ కాయితం నా దగ్గరుండాలి" అని వచ్చేసిందట పిన్ని. ఇప్పుడది రేషన్ కార్డు, ఇంటి దస్తావేజులతో పాటు బీరువాలో ఉంది.

మొన్న ఆదివారం మళ్ళీ ఫోన్ చేసింది. కరెంటు మీటరు ఇంకా బాబాయి పేరునే ఉంది, దానికి తనే లెటరు రాసుకుందట. చదివి వినిపిస్తానంటే వద్దన్నాను, నువ్వే ఇచ్చెయ్యి అన్నాను. "సరేగానీ" అంది, "విషయం అని రాశాక కింద గీత గీయాలా, అక్కర్లేదా?"