ఇల్లెందు బొగ్గు – సర్కారు సంతకం

పరిశ్రమలు వర్ధిల్లితే ప్రజలు వర్ధిల్లుతారన్న మాట మనం తరచుగా వింటున్నాము. ఆ మాట అసత్యమని మేము అనము. అయితే ఎవరి భూమిపై, ఎవరి ధనంతో, ఎవరి సంతకంతో అవి వర్ధిల్లినవో విచారించుట విద్యావంతుల విధి. అందుకు దూరదేశాల చరిత్రలు తిరగవేయనక్కరలేదు. మన ఇల్లెందు చాలును.

1871లో డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు నిక్షేపాలను కనుగొన్నాడు. బొగ్గుకు రైలు కావలెను, రైలుకు పెట్టుబడి కావలెను. 1883లో రైలు కంపెనీతో ఒప్పందం కుదిరింది. దాని మూలధనంపై ఇరవై సంవత్సరాలపాటు నూటికి అయిదు వంతున వడ్డీకి నిజాం ఖజానా పూచీ పడింది. లాభం వాటాదారులది, నష్టభయం రైతు కట్టిన శిస్తుది!

1886లో రాజ్యంలోని గనులపై 99 సంవత్సరాల హక్కు ఇద్దరు ఆంగ్లేయులకు లభించింది. దాని ఆధారంగా లండనులో పది లక్షల పౌండ్ల మూలధనంతో హైదరాబాద్ దక్కన్ కంపెనీ వెలసింది. వాటాలలో అత్యధిక భాగం పైకం చెల్లించకుండానే హక్కుదారుల వశమైనది. బేరం కుదిర్చిన నిజాం ఉన్నతోద్యోగి అబ్దుల్ హఖ్ తానూ అందులో భాగం పొందాడు. పైగా నిజాం ఖజానా సొమ్ముతో ఆ వాటాలనే సర్కారు పేర కొనిపించాడు. 1888లో ఈ వ్యవహారం బయటపడగా బ్రిటిష్ కామన్స్ సభ విచారణ సంఘాన్ని నియమించింది. అమ్మినవాడూ కొన్నవాడూ ఒకడే అయినపుడు ప్రజల పక్షాన బేరమాడేవాడెవడు?

తరువాత ఆ గనులు సర్కారువైనవి కదా అనవచ్చును. నిజమే. 1920లో సింగరేణి కాలరీస్ అన్న పేరు వచ్చింది. 1945లో నిజాం ప్రభుత్వం కంపెనీని కొనుగోలు చేసింది. నేడు తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటాలున్నవి. వేలాది కుటుంబాలకు అది అన్నం పెడుతున్నది. ఈ మేలును మేము మరువము. కాని యజమాని మారినంతమాత్రాన న్యాయం దానంతటదే రాదు. ఇల్లెందులో మొదలైన తవ్వకం కొత్తగూడెం, మణుగూరు మీదుగా భద్రాచలం అడవుల అంచుకు చేరింది. ఆ దారిలోని కోయగూడేలను ఏనాడైనా భాగస్వాములుగా ఎంచినామా?

ఈ ప్రశ్నకు విశాఖ మన్యం నుండి ఒక సమాధానం వచ్చింది. 1997 నాటి సమతా తీర్పులో సుప్రీంకోర్టు షెడ్యూల్డు ప్రాంతాల భూమిని ప్రభుత్వం సైతం గిరిజనేతర ప్రైవేటు కంపెనీలకు కౌలుకివ్వరాదని నిర్దేశించింది. గనుల నికరలాభంలో కనీసం ఇరవై శాతం ఆ ప్రాంత ప్రజల సంక్షేమానికి కేటాయించవలెనన్నది. ఇది దయ కాదు, హక్కు.

పెట్టుబడికీ ప్రభుత్వానికీ మైత్రి ఉండరాదని మా వాదం కాదు. అది వెలుతురులో జరగవలెను. ఒప్పందాలు, వాటాలు, లెక్కలు గ్రామసభ ముందుంచవలెను. నిజాం కాలపు పాలనాపత్రాలెన్నో ఉర్దూలో ఉన్నవి. నేటి గ్రామసభల మాటలు తెలుగులో, కోయభాషలో సాగుతున్నవి. ఉర్దూ తెలుగులు రెండింటినీ నేర్పే మన కళాశాల విద్యార్థులు ఆ పత్రాలను చదివి, ఈ గూడేలకు వినిపించగలరు. కళాశాల సంఘం వారు గ్రంథాలయంలో ఇందుకొక అలమరను కేటాయించగలరని ఆశిస్తున్నాము.