చేప కంట పడకుండా

సరస్సు నీళ్లు అడుగుదాకా కనిపిస్తుంటే చేపలు పట్టడం సులువని కొత్తవాళ్లు సంబరపడతారు. రాళ్లు కనిపిస్తాయి, నాచు కనిపిస్తుంది, కాస్త ఓపిక పడితే చేపే కనిపిస్తుంది. ఇక దాని ముందు గాలం వెయ్యడమే తరువాయి! తీరా వేశాక ఆ చేప పెళ్లిచూపులకు వచ్చినవాళ్లలా ఎరను పైనుంచి కిందిదాకా చూసి, తర్వాత కబురు చేస్తామన్నట్టు తోక తిప్పుకుని వెళ్లిపోతుంది. బురద నీళ్లలో మనిషికి చేప కనపడదు, చేపకు మనిషి కనపడడు. లెక్క సరి. తేట నీళ్లలో ఇద్దరికీ చూపు ఆనుతుంది. అప్పుడు పైచేయి చేపదే. దానిది ప్రాణం కోసం పాట్లు, మనది కాలక్షేపం మరి.

టెక్సాస్‌లోని ఆస్టిన్ చుట్టుపక్కల కాపురం పెట్టిన తెలుగువాళ్లకు ట్రావిస్ సరస్సు తెలియకుండా ఉండదు. ఆ రాష్ట్రంలోనే పుట్టి సముద్రంలో కలిసే కొలరాడో నదికి అడ్డంగా మాన్స్‌ఫీల్డ్ డ్యామ్ కట్టగా ఏర్పడిన జలాశయం అది. చుట్టూ సున్నపురాతి కొండలు, లోతైన నీళ్లు, అందులోనూ తేట నీళ్లు. సెలవురోజు పిల్లలతో, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలతో అక్కడికి వెళ్లి, గట్టున గాలాలు వేసేవాళ్లను చూసి, మరుసటి వారానికల్లా తామూ ఓ రాడ్డూ రీలూ కొనుక్కొచ్చుకునేవాళ్లు ఉంటారు. అలా మొదలుపెట్టే ఎవరైనా ముందుగా ఆశపడేది బాస్ చేప మీదే.

అమెరికాలో బాస్‌కున్న మోజు ఇవాళ్టిది కాదు. జేమ్స్ హెన్షల్ అనే వైద్యుడు 1881లోనే ఈ చేప కోసం ఏకంగా ఒక పుస్తకం రాశాడు. 1932 జూన్ 2న జార్జ్ పెర్రీ అనే యువకుడు జార్జియా రాష్ట్రంలోని మాంట్‌గోమరీ సరస్సులో 22 పౌండ్ల 4 ఔన్సుల లార్జ్‌మౌత్ బాస్‌ను పట్టాడు. అంటే పది కిలోల పైమాట. కరువు రోజులవి. తూకం వేయించాక ఆ చేపను ఇంటిల్లిపాదీ వండుకు తిన్నారు. 77 ఏళ్ల తర్వాత, 2009లో, జపాన్‌లోని బివా సరస్సులో మనబు కురిత ఒక ఔన్సు కంటే తక్కువ తేడాతో దాన్ని దాటాడు. పాత రికార్డును చెరిపెయ్యడానికి ఆ తేడా చాలదని ఇద్దరినీ సమానులుగానే లెక్కించారు. ఇవి గట్టు మీద చెప్పుకోవడానికి పనికొచ్చే కబుర్లే గానీ, కొత్తవాడికి కిలో చేప పడినా పండగే.

బాస్ వెంటపడి వేటాడే రకం కాదు, పొంచి ఉండే రకం. మునిగిన చెట్టు మొదట్లోనో, పడవల రేవు నీడలోనో, నాచు అంచునో కాచుకుని ఉంటుంది. చిన్న చేప దగ్గరికి రాగానే ఒక్కసారి నోరు తెరిచి, నీళ్లతో సహా లోపలికి పీల్చేస్తుంది. నచ్చకపోతే అంతే వేగంగా ఉమ్మేస్తుంది. తేట నీళ్లలో ఎండ లోతుకు దిగుతుంది కాబట్టి నాచు కూడా లోతున పెరుగుతుంది. చేపలూ పగటిపూట ఆ లోతుకే సర్దుకుంటాయి. గట్టు పక్కన మోకాలి లోతులో మధ్యాహ్నమంతా గాలం వేసి, ఈ సరస్సులో చేపలే లేవని తిట్టుకుంటూ ఇంటికెళ్లేవాళ్ల తప్పు ఇక్కడే ఉంది. తెల్లవారుజామున, పొద్దు వాలాక, మబ్బు పట్టినప్పుడు అవి పైకి వస్తాయి. గాలికి నీటి మీద అలలు రేగితే చాలామంది చిరాకుపడతారు గానీ, తేట సరస్సులో అదే అదను. ఆ అలల మాటున దారమూ దాగుతుంది, మనిషీ దాగుతాడు.

దాగడం ఎందుకో తెలియాలంటే చేప కన్ను ఉన్నచోటికి వెళ్లాలి. నీటిలోంచి పైకి చూసే చేపకు బయటి ప్రపంచమంతా ఒక గుండ్రటి కిటికీలోనే ఇమిడి కనిపిస్తుంది. గాలిలోంచి నీటిలోకి దిగేటప్పుడు వెలుగు వంగడమే ఇందుకు కారణం. ఆ కిటికీ వెడల్పు సుమారు 97 డిగ్రీలు. దాని అవతల నీటి పైపొర అద్దమైపోయి సరస్సు అడుగునే చూపిస్తుంది. గట్టున నిటారుగా నిలబడ్డ మనిషి ఆ కిటికీలో పడతాడు. అదే మనిషి నాలుగడుగులు వెనక్కి జరిగి చతికిలబడితే, కిటికీ అంచున నలిగి దాదాపు మాయమవుతాడు. అందుకే అనుభవజ్ఞులు నీటి అంచుదాకా నడిచి వెళ్లరు. ఎండను వెనక పెట్టుకుని తమ నీడను నీళ్ల మీద పడనివ్వరు. తెల్లచొక్కా వేసుకోరు. గాలాన్ని దూరంగా విసురుతారు. పడవలో ఉంటే డబ్బా మూత కూడా చప్పుడు కాకుండా వేస్తారు. చేప ఒంటి పక్కల బారునా నీటి కదలికను పసిగట్టే గీత ఒకటి ఉంటుంది. అడుగుల అదురు దానికి తెలిసిపోతుంది.

ఇక సరంజామా. తేట నీళ్లకు సన్న దారం కావాలి. ఆరు నుంచి ఎనిమిది పౌండ్ల బరువును ఓర్చే ఫ్లోరోకార్బన్ దారం కొత్తవాళ్లకు సరిపోతుంది. వెలుగును వంచే తీరులో నీటి అంకె 1.33, ఫ్లోరోకార్బన్‌ది 1.42, నైలాన్‌ది అంతకన్నా ఎక్కువ. నీటికి దగ్గరగా ఉన్న దారం నీటిలో తక్కువగా కనిపిస్తుంది. ఎర కూడా చిన్నదిగా, ఆ సరస్సులో తిరిగే చిన్న చేపల, రొయ్యల రంగులో ఉండాలి. దుకాణంలో మెరిసే రంగులు ముందుగా పట్టేది కొనేవాడినే. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో కొన్నేళ్ల కిందట జరిగిన ప్రయోగాల్లో బాస్ ఎరుపునూ ఆకుపచ్చనూ బాగానే గుర్తుపట్టింది. నిమ్మపసుపును తెలుపు నుంచి, నీలాన్ని నలుపు నుంచి వేరుచెయ్యడంలో మాత్రం తికమకపడింది. మనం డబ్బాలో సర్దుకునే డజను రంగుల్లో సగం మన ముచ్చట కోసమే అనుకోవచ్చు.

తేట నీళ్లలో కొత్తవాళ్ల చేతికి తొందరగా అలవాటయ్యే పద్ధతి ఒకటుంది. దారం కొసన చిన్న బరువు గుండు కడతారు. దానికి జానెడో మూరెడో పైన చిన్న గాలం, ఆ గాలానికి వేలెడంత మెత్తని ప్లాస్టిక్ పురుగు. గుండు అడుగున ఆనుతుంది, పురుగు నీళ్లలో వేలాడుతుంది. డ్రాప్‌షాట్ అంటారు దీన్ని. మన ఊళ్లలో బెండు కట్టి ఎరను పైనుంచి వేలాడదీస్తాం. ఇక్కడ బరువు కింద ఉంటుంది, ఎర దానికి పైన ఆడుతుంది. ఇందులో అసలు కష్టం చేతిని ఆపుకోవడమే. రాడ్డు కొసను అదిరీ అదరనట్టు కదిపి, ఆగాలి. ఇంకాసేపు ఆగాలి. ఎర కదలకుండా ఉన్నప్పుడే బాస్ దాన్ని పీల్చడం తరచుగా జరిగేదే. కొరికినప్పుడు పెద్ద కుదుపేమీ ఉండదు. దారం కాస్త బరువెక్కుతుంది, లేదా పక్కకు జరుగుతుంది. సన్న దారంతో బలంగా గుంజితే తెగుతుంది. రాడ్డు నిమ్మళంగా ఎత్తుతూ రీలు తిప్పితే చాలు.

నీళ్లు తేటగా ఉన్నాయంటే సరస్సు ఆరోగ్యంగా ఉన్నట్టేనా? అలాగని చెప్పలేం. 2017లో ట్రావిస్‌లో జీబ్రా మసెల్స్ అనే పరాయి ఆల్చిప్పలు బయటపడ్డాయి. గోరంత ఆల్చిప్ప రోజుకు దాదాపు లీటరు నీటిని వడగడుతుంది. అది నీళ్లలోంచి తీసేసే సూక్ష్మజీవులే చేపపిల్లల తొలి ఆహారం. ఈ ఆల్చిప్పల రాక తర్వాత అమెరికా ఉత్తరాన మహాసరస్సుల్లో చాలాచోట్ల నీళ్లు తేరుకున్నాయి, ఆహారపు గొలుసు మాత్రం సన్నబడింది. ఒక సరస్సు నుంచి మరో సరస్సుకు అవి పడవల్లోని నీళ్లతో, పడవలకు అతుక్కుని పాకుతాయి. అందుకే సరస్సు దాటేముందు పడవలోని నీళ్లన్నీ వంపెయ్యాలని టెక్సాస్ చట్టం చెబుతుంది. పదిహేడేళ్లు నిండినవాళ్లు చేపలు పట్టడానికి లైసెన్సు తీసుకోవాలి. రాష్ట్ర పార్కుల్లో గట్టున కూర్చుని పట్టేవాళ్లకు మాత్రం అది అక్కర్లేదు. కొత్తవాళ్లు మొదలుపెట్టడానికి అంతకన్నా మంచి చోటు లేదు.

పట్టాక ఏం చెయ్యాలన్నది మరో ప్రశ్న. బాస్ పోటీలకు ఆద్యుడైన రే స్కాట్ 1972లో తన పోటీల్లో చేపలను బతికించి వదిలే పద్ధతి తెచ్చాడు. ఇప్పుడు అమెరికాలో అదే ఆనవాయితీ. చేతులు తడుపుకుని, కింది పెదవి పట్టుకుని, పెద్ద చేపైతే పొట్ట కింద రెండో చెయ్యి ఆనించి, ఒక ఫొటో అయ్యాక నీళ్లలోకి వదిలెయ్యాలి. అదే బాస్ బివాలో దొరికితే మళ్లీ సరస్సులోకి వదలడానికి వీల్లేదు. అక్కడది పరాయి చేప, స్థానిక చేపల్ని మింగే చేప. అందుకని 2003 నుంచి ఆ సరస్సు ఉన్న షిగా ప్రాంతంలో వదలడాన్ని నిషేధించారు. ఒక సరస్సులో మర్యాద అనిపించుకున్నది ఇంకో సరస్సులో నేరం. నీళ్లను బట్టే నీతి.

ఇల్లినాయ్‌లోనే రిడ్జ్ లేక్ అనే చిన్న సరస్సులో 1970ల్లో మొదలైన ప్రయోగం ఈ వినోదం గురించి కాస్త లోతుగా ఆలోచింపజేస్తుంది. డేవిడ్ ఫిలిప్, ఆయన సహచరులు అక్కడ పడిన ప్రతి బాస్‌నూ కొలిచి, గుర్తు వేసి, వదిలేశారు. నాలుగేళ్లు గడిచాక నీళ్లు తోడి చూస్తే 1,700కు పైగా బాస్‌లు దొరికాయి. వాటిలో సుమారు 200 ఒక్కసారి కూడా గాలానికి చిక్కనివి. మరోవైపు ఒకే ఏడాదిలో 16 సార్లు చిక్కిన చేపా ఉంది. చిక్కేవాటినీ చిక్కనివాటినీ వేరువేరుగా తరతరాలుగా పెంచి చూస్తే, ఈ గుణం పిల్లలకూ సంక్రమిస్తుందని తేలింది. 2012లో మరో మాట బయటపడింది. సులువుగా చిక్కే వంశంలోని మగచేపలే గూటిని ఎక్కువ పట్టుదలగా కాస్తాయి, వాటికే సంతానమూ ఎక్కువ. తెగువే వాటిని మంచి తండ్రుల్ని చేసింది, ఆ తెగువే గాలం దగ్గరికీ తెచ్చింది.

బాస్‌లలో పిల్లల్ని కాపాడేది తండ్రే. వసంతంలో నీటి వేడి అరవై డిగ్రీల ఫారన్‌హీట్ దాటుతుండగా మగచేప లోతు తక్కువ చోటికి వచ్చి, తోకతో అడుగును ఊడ్చి గుండ్రటి గూడు చేస్తుంది. ఆడచేప గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. గుడ్లు పగిలి, పిల్లలు ఈదేదాకా తండ్రి ఆ చోటు వదలదు. దగ్గరికి వచ్చిన దేన్నైనా కరుస్తుంది, ఆకలితో కాదు, కాపలాతో. పిల్లల గుంపును వెంటేసుకుని తిరిగే కొర్రమీను దగ్గర మన జాలర్లు చూసేదీ ఇదే రోషం.

ఏడాది పొడుగునా మనిషిని కూర్చోబెట్టి, వంగదీసి, మౌనం పట్టించిన తేట నీరు ఈ కొన్ని వారాలు మాత్రం అతని పక్షాన ఉంటుంది. తెల్లగా ఊడ్చిన గూడు గట్టు మీంచే కనిపిస్తుంది, దాని మీద కాపలా చేపా కనిపిస్తుంది. దాగక్కర్లేదు, సన్న దారం అక్కర్లేదు, ఓపికా అక్కర్లేదు. ఎరను గూట్లో పడేస్తే చాలు. పట్టి వెంటనే వదిలేశాం కదా అనుకోవచ్చు. తండ్రి నీళ్ల బయట ఉన్న ఆ కాసేపట్లోనే బ్లూగిల్ లాంటి చిన్న చేపలు గూటి మీద పడి గుడ్లు మింగేస్తాయి. న్యూయార్క్‌లో చాలా సరస్సుల్లో జూన్ మధ్యదాకా బాస్‌ను ఇంటికి తీసుకుపోనివ్వరు గానీ, పట్టి వదలడానికి అడ్డు చెప్పరు. టెక్సాస్‌లో ఆ కట్టడీ లేదు. చట్టం చెప్పని చోట గట్టున ఉన్నవాడే నిర్ణయించుకోవాలి. కొత్తగా గాలం పట్టినవాళ్లకు మేం చెప్పదలచిన చివరి చిట్కా ఇదొక్కటే. కష్టపడి నేర్చుకున్నదంతా చిక్కని చేప మీద వాడండి. గూటి మీద ఉన్నదాన్ని చూసి, పక్కకు నడిచి, లోతు నీళ్లలో గాలం వెయ్యండి. ఆ రోజు ఖాళీ చేతులతో ఇంటికి వచ్చినా, వచ్చే ఏళ్లలో చిక్కబోయే చేపలు ఆ గూట్లోనే పెరుగుతుంటాయి.