కాస్త నయమైతే చాలా?

నాలుగేళ్ల క్రితం మా బృందంలో పనిచేసే ఒక కార్యకర్త ఉన్నట్టుండి మీటింగులకి రావటం మానేసింది. ఇంటికెళ్లి చూస్తే గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నిద్ర లేదు, ఆకలి లేదు. "నేనెందుకూ పనికిరానక్కా" అన్న మాట తప్ప మరో మాట లేదు. ఆస్పత్రికి తీసుకెళ్లాం. డిప్రెషన్ అన్నారు, మందులు రాశారు. రెండు నెలలకి ఆమె మళ్లీ ఆఫీసుకి రాసాగింది. రిపోర్టులు రాసింది, ఊళ్లకి తిరిగింది. మేమంతా ఊపిరి పీల్చుకున్నాం. ఇంట్లోవాళ్లేమో "వంటావార్పూ చేసుకుంటోందిగా, ఇంకా ఆ మందులెందుకు, అలవాటైపోతాయి" అని మాన్పించారు. ఎనిమిది నెలలు తిరక్కుండానే ఆమె ప్రాణం తీసుకోబోయింది. పొరుగువాళ్లు చూడబట్టి బతికింది.

కోలుకున్నాక ఆమె అన్న మాటని, ఆమె అనుమతితోనే ఇక్కడ రాస్తున్నాను. "ఆ ఎనిమిది నెలలూ పని చేశాను గాని బాగాలేనక్కా. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేది. పిల్లాడు దగ్గరికొచ్చినా ఏమీ అనిపించేది కాదు. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు."

స్త్రీల చాకిరీకి లెక్కాపత్రం లేదని ఇరవై ఏళ్లుగా రాస్తున్నదాన్ని, ఆ మాట విని సిగ్గుపడ్డాను. వాళ్లింట్లో వంట కొలత అయితే మా ఆఫీసులో రిపోర్టు కొలత అయింది. ఆడమనిషి తిరిగి పనిలో పడితే జబ్బు తగ్గినట్టేనని వాళ్లూ అనుకున్నారు, మేమూ అనుకున్నాం.

వైద్యంలో ఈ రెంటికీ తేడా ఉంది. లక్షణాలు సగానికి తగ్గటం ఒకటి, దాదాపు పూర్తిగా పోవటం మరొకటి. అమెరికాలో సుమారు 4,000 మందితో జరిగిన స్టార్-డి అధ్యయనం ఫలితాలు 2006లో వెలువడ్డాయి. మొదటి మందుతో పూర్తిగా తేరుకున్నవాళ్లు సుమారు మూడోవంతే. తర్వాత మందులు మార్చి చూసిన దశల్లో ఎందరు కోలుకున్నారన్న లెక్కమీద తరువాతి కాలంలో వివాదం నడిచింది. అయితే, లక్షణాలు కొన్ని మిగిలిపోయినవాళ్లకి జబ్బు తిరగబెట్టటం ఎక్కువని అక్కడా కనబడింది, ఇతర అధ్యయనాల్లోనూ కనబడింది. అంటే మొదటి మందు పనిచేయకపోవటం మామూలు సంగతే. అది రోగి తప్పూ కాదు, దారి మూసుకుపోవటమూ కాదు. మోతాదు సరిచూడాలి, మందు మార్చాలి, మాటలతో చేసే చికిత్స జోడించాలి. థైరాయిడ్, రక్తహీనత ఉన్నాయేమో పరీక్షించాలి. మందు పనిచేయటానికే కొన్ని వారాలు పడుతుంది. పూర్తిగా బాగయ్యాక కూడా కనీసం ఆరునెలలు కొనసాగించాలి. పదేపదే వచ్చేవాళ్లకి ఇంకా ఎక్కువకాలం అవసరం. "అలవాటు" చేసేవి మెడికల్ షాపుల్లో అడగ్గానే ఇచ్చే కొన్ని నిద్రమాత్రలు. డిప్రెషన్ మందులు ఆ కోవలోవి కావు. అయినా ఒక్కసారిగా ఆపితే ఒళ్లు తట్టుకోదు కనుక డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగానే తగ్గించుకోవాలి.

ఇక్కడ మన ఉద్యమం తన గురించి తాను కొన్ని ప్రశ్నలు వేసుకోవాలి. స్త్రీలలో డిప్రెషన్ మగవాళ్లకంటే ఇంచుమించు రెట్టింపు. దీనికి మూలం హింసలో, పేదరికంలో, గుర్తింపులేని చాకిరీలో ఉందని మనం చెప్పాం. అది చెప్పటం అవసరం కూడా. భార్గవి దావర్ 1999లో భారతీయ స్త్రీల మానసిక ఆరోగ్యంపై పుస్తకం తెచ్చేనాటికి ఈ చర్చ మన ఉద్యమంలో అంచుల్లోనే ఉంది. కానీ కారణం సమాజంలో ఉంది కాబట్టి మందు అక్కర్లేదనే ధోరణి మనలో కొందరికి ఉంది. మురికినీళ్ల వల్ల కలరా వచ్చిందని తెలిసినంత మాత్రాన సెలైన్ ఎక్కించటం మానేస్తామా? అలాగని కొట్టే మొగుడున్న ఇంటికి మాత్రలిచ్చి తిరిగి పంపటం చికిత్స అవుతుందా? ఆమె భద్రత కూడా చికిత్సలో భాగం కావాలి.

డాక్టర్లు లేరు కదా అని అడగొచ్చు. నిజమే. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మానసిక సమస్యలున్నవారిలో చికిత్స అందనివాళ్లు 70 నుంచి 92 శాతం. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996లో మొదలైనా చాలా ఊళ్లకి అది ఇప్పటికీ కాగితాల్లోని మాటే. అయితే దారి లేకపోలేదు. పాకిస్తాన్‌లో రావల్పిండి దగ్గరి పల్లెల్లో, మన ఆశ కార్యకర్తల్లాంటి స్త్రీలే శిక్షణ పొంది గర్భిణులతో, బాలింతలతో మాట్లాడారు. 2008లో వచ్చిన ఫలితాల ప్రకారం, ప్రసవమైన ఆరునెలలకి వీళ్ల సాయం పొందిన తల్లుల్లో 23 శాతం మందికే డిప్రెషన్ ఉంది, పొందనివాళ్లలో 53 శాతానికి ఉంది. గోవాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో డాక్టర్లు కాని సలహాదారులు ఆరు నుంచి ఎనిమిదిసార్లు కూర్చుని మాట్లాడితే మూడు నెలల్లో 64 శాతం తేరుకున్నారు. మామూలు వైద్యంతో తేరుకున్నవాళ్లు 39 శాతం. ఇది 2017 నాటి ఫలితం.

ఇక చట్టం. "ఎర్రగడ్డకి పంపాలి" అన్న తిట్టు వినని ఆడది మన ప్రాంతంలో అరుదు. మందుచీటీ బయటపడితే విడాకులిస్తారేమోనన్న భయంతో మాత్రలు బియ్యండబ్బాలో దాచుకున్న స్త్రీలని నేను చూశాను. హిందూ వివాహ చట్టం మానసిక రుగ్మతని విడాకులకి ఒక కారణంగా చెబుతుంది, నిజమే. కానీ జబ్బు పేరు చూపిస్తే చాలదని, దాని తీవ్రత చూడాలని సుప్రీంకోర్టు 1988లోనే తేల్చింది. 2017 మానసిక ఆరోగ్య రక్షణ చట్టం ఇంకా ముందుకెళ్లింది. మానసిక జబ్బు ఉందన్నంత మాత్రాన మతిస్థిమితం లేనట్టు కాదంది. చికిత్స పొందటం హక్కు అంది, వివరాలు గోప్యంగా ఉంచాలంది. ఆత్మహత్యకి ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉందని భావించాలి తప్ప శిక్షించకూడదంది. చికిత్స విషయంలో తన తరఫున నిలబడే ప్రతినిధిని ఎవరికివారే నియమించుకోవచ్చు. ఆ ప్రతినిధి భర్తే కానక్కర్లేదు, స్నేహితురాలైనా కావచ్చు. ఈ ఒక్క సంగతి మన సమావేశాల్లో ఎంతమందికి చెప్పాం?

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డిప్రెషన్ మందులు మధ్యలో ఆగకుండా దొరకాలని, ఆశలకి శిక్షణతోపాటు దానికి తగ్గ వేతనం కూడా ఇవ్వాలని మనం అడగాలి. అప్పటిదాకా టెలిమానస్ నంబరు 14416 ప్రతి ఆఫీసు గోడమీదా ఉండనివ్వండి. 2022 అక్టోబరులో మొదలైన ఈ ఫోను సేవ ఉచితం. మన సంస్థల్లో కూడా జబ్బు సెలవు అడిగిన కార్యకర్తని "ఎప్పుడొస్తావు?" అని అడిగేముందు "నిద్ర పడుతోందా? తినాలనిపిస్తోందా? దేనిమీదైనా ఇష్టం కలుగుతోందా? చచ్చిపోవాలనిపిస్తోందా?" అని అడుగుదాం. ఆ చివరి ప్రశ్న అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం అక్కర్లేదు. అడగటమే ఆసరా.

ఆ కార్యకర్త రెండేళ్లుగా బాగుంది. రెండుసార్లు మందు మార్చాల్సి వచ్చింది. ఇప్పటికీ వాడుతోంది. మొన్నటి సమావేశంలో బడ్జెట్ విషయమై నాతో గట్టిగా పోట్లాడింది, సాయంత్రం కొడుకుని తీసుకుని సినిమాకి వెళ్లింది. మీ సంఘాల్లో, మీ ఊళ్లలో ఇలాంటి అనుభవాలుంటే పేర్లు లేకుండానైనా మాకు రాయండి. వచ్చే సంచికలో ఈ చర్చ కొనసాగిద్దాం.